మన ఆటకు గొంతు లేకుండా చేసింది మనమే

తప్పు మనది. జంషెడ్‌పూర్‌లో ఉన్న తెలుగువాళ్ళం అందరం కలిసి చేసిన తప్పు. ఎవరూ వచ్చి మన నోరు నొక్కలేదు, మన చేతిలో మైకు లాక్కోలేదు. ఈ ఊళ్ళో ఆటకు దేనికీ కొరత లేదు. 1939లో కట్టిన కీనన్ స్టేడియం ఉంది. 1987లో మొదలైన టాటా ఫుట్‌బాల్ అకాడమీ ఉంది. 1991 నుంచి జె.ఆర్.డి. టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది. బిష్టుపూర్, కదమా, సోనారీ, గోల్మురి, టెల్కో, ఎటు వెళ్ళినా పొద్దువాలేసరికి బంతి వెనక పరిగెత్తే పిల్లలు కనిపిస్తారు. 1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టింది, 1912లో తొలి ఉక్కు వచ్చింది. ఆ తొలి రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పల్లెలవాళ్ళు మూటాముల్లె సర్దుకుని వచ్చి ఈ కొలుముల ముందు నిలబడ్డారు. వాళ్ళ పిల్లలు, మనవలు ఈ మైదానాల్లోనే ఆడారు. మనం గుళ్ళు కట్టుకున్నాం, బడులు పెట్టుకున్నాం, ఉగాదికి పంచాంగం చెప్పించుకున్నాం, సంక్రాంతికి ముగ్గులు వేయించుకున్నాం. మన ఆటను మన భాషలో చెప్పే మనిషిని మాత్రం నిలుపుకోలేకపోయాం. ఆడినవాడికి కప్పు ఇచ్చాం. చెప్పగలిగినవాడికి చోటే ఇవ్వలేదు.

ఇప్పుడీ సంగతి ఎత్తడానికి కారణం, మా బస్తీ కుర్రాడొకడు కొన్నేళ్ళ తరువాత ఇంటికి తిరిగి వచ్చాడు. కుర్రాడని నేనంటున్నాను గాని నలభైకి దగ్గరపడ్డాడు. చిన్న చిన్న ఆటలకు కామెంటరీ చెప్పడం అతని వృత్తి. కామెంటేటర్ అనగానే మనకు టీవీలో సూటు వేసుకుని కూర్చున్న మాజీ ఆటగాడు గుర్తుకొస్తాడు. ఇతనిది ఆ లోకం కాదు. టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంట్లు, జిల్లా ఫుట్‌బాల్ లీగులు, కాలేజీ కబడ్డీ, ఊరి పండగకు పెట్టే వాలీబాల్, ఫోనుకో చిన్న కెమెరాకో తగిలించి యూట్యూబ్‌లో చూపించే ఫైనళ్ళు. ఈ వారం ఒడిశాలో, పై వారం మేదినీపూర్ వైపు, ఆ తరువాత ఉత్తరాంధ్రలో ఏదో ఊరు. ప్రయాణం జనరల్ బోగీలో, పడక నిర్వాహకుల ఇంటి వరండాలో. పొద్దున్న మొదలుపెడితే చీకటి పడేదాకా వరుసగా మ్యాచ్‌లు, పక్కన ఊపిరి తీసుకోనిచ్చే రెండో మనిషి ఉండడు. స్కోరు రాసేవాడు రాకపోతే ఆ పనీ నెత్తిన పడుతుంది. వాన కురిసి ఆట ఆగిపోతే ఆ రోజు కూలి ఉండదు. ఫైనల్ అయిపోయాక ముందు మాట్లాడుకున్న డబ్బులో సగం చేతిలో పెట్టి, మిగతాది పంపిస్తాంలే అంటారు. అలాంటి బాకీలు ఎన్ని ఊళ్ళలో మిగిలాయో అతను చెప్పడు. అడిగితే మాట మార్చేస్తాడు.

అతని నోటుపుస్తకం ఒకటి తెరిచి చూశాను. ఎడమ పేజీలో ఒక జట్టు, కుడి పేజీలో రెండో జట్టు. చొక్కా నంబరు, ఎదురుగా పేరు, పేరు కింద ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే పలికేలా తెలుగు అక్షరాల్లో మళ్ళీ రాసి ఉంది. సంతాలీ పేర్లు, హో పేర్లు, బెంగాలీ పేర్లు, ఒడియా పేర్లు, అన్నీ అదే శ్రద్ధతో. ఆ పక్కన చిన్న అక్షరాల్లో ఆటగాడి బతుకు: వెల్డింగ్ పని, ఇంటర్ రెండో ఏడు, పాలవ్యాన్ డ్రైవరు, తండ్రి లేడు. ఎడమ కాలితో ఆడేవాళ్ళ పేర్ల కింద ఎర్ర గీత. పేజీ అడుగున ఆ రోజు గాలి ఎటు వీస్తోందో, ఏ గోలు వెనక చెరువుందో, దేని వెనక రోడ్డుందో. పుస్తకం చివరి పేజీలో తనకు తాను చెప్పుకున్న కట్టుబాట్లు ఉన్నాయి. స్కోరు మళ్ళీ మళ్ళీ చెప్పాలి, ఇప్పుడే వచ్చి వింటున్నవాడు ఉంటాడు. గోలు పడ్డాక కాసేపు ఆగాలి, జనం కేక విననివ్వాలి. ఆటగాడు చేసిన పొరపాటు చెప్పాలి గాని ఆటగాణ్ణి తక్కువ చేసి మాట్లాడకూడదు. కంటికి కనబడనిది కనబడినట్టు చెప్పకూడదు.

ఈ నాలుగూ చదివాక ఇది ఎంత శిక్షణ కావాల్సిన పనో నాకు అర్థమైంది. బొమ్మ ఉన్నచోట మాట తోడు మాత్రమే. బొమ్మ లేని చోట మాటే మైదానం. బంతి ఎక్కడుంది, ఎవరి కాలి దగ్గరుంది, ఎటు పోతోంది, ఎంత సమయం మిగిలింది, ఇవన్నీ ఒక్క ఊపిరిలో, తడబడకుండా, బంతి కంటే వెనకబడకుండా చెప్పాలి. దీనికి గొంతొక్కటే చాలదు. కన్ను కావాలి, జ్ఞాపకం కావాలి, అన్నిటికన్నా ఎదురుగా లేని మనిషి మీద గౌరవం కావాలి. కళ్ళు కనబడనివాడు, మంచం దిగలేని ముసలాయన, వంటింట్లో ఉన్న ఇల్లాలు, బి షిఫ్ట్‌లో ఉండి మైదానానికి రాలేకపోయిన తండ్రి, అందరూ ఆ గొంతు పట్టుకునే ఆట చూస్తారు.

అలాంటి పని నేర్చుకున్నవాడు తండ్రికి ఒంట్లో బాగాలేక ఇంటికి తిరిగొస్తే మనం ఎలా చేరదీశాం? మొదట ఎదురైన ప్రశ్న, "ఏటి బావూ, ఇప్పుడేటి సేత్తన్నావు?" కామెంటరీ చెబుతున్నానని అతనంటే, "అదికాదు నాయనా, ఉద్యోగం ఏటీ అని" అన్నారు. ఆ అన్నవాళ్ళలో చెడ్డవాళ్ళు లేరు. అతని మేలు కోరేవాళ్ళే. కొలువు ఉంటేనే మనిషికి విలువని తాతల నాటి నుంచి నమ్మిన ఊరు ఇది. క్వార్టరు, ప్రావిడెంటు ఫండు, ఆసుపత్రి కార్డు, ఇవి లేని పని పని కాదని మన పిల్లలకు ఉగ్గుపాలతో నూరిపోశాం. పల్లెలో భూమి లేక, కరువుకు తాళలేక వచ్చినవాళ్ళకు ఆ భయం న్యాయమే. మూడు తరాలు గడిచి, కడుపులు నిండి, పిల్లలు బెంగళూరుకీ అమెరికాకీ వెళ్ళాక కూడా ఆ భయాన్నే తూకంరాయిగా వాడటం న్యాయం కాదు.

తరువాత ఒక తెలుగు టోర్నమెంటులో అతనికి మైకు ఇచ్చాం. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. మేం ఇచ్చిన మైకు దేనికి? చందాదారుల పేర్లు చదవడానికి. గేటుకు అడ్డంగా నిలిపిన బండి తీయమని చెప్పడానికి. తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు చెప్పడానికి. ముఖ్య అతిథి వస్తున్నారని మాటిమాటికీ గుర్తుచేయడానికి. చందాల జాబితా అతని ముందు పెట్టింది నేనే. మైదానంలో మన పిల్లలు ప్రాణం పెట్టి ఆడుతుంటే, ఆట చెప్పడం చేతనైన ఒకే ఒక్క మనిషి చేత ఎవరు ఎంత ఇచ్చారో చదివించాం. రెండో సగంలో జాబితా అయిపోయింది. అప్పుడతను ఆట చెప్పడం మొదలుపెట్టాడు, తెలుగులో. చెట్ల కింద కబుర్లలో ఉన్న పెద్దవాళ్ళు తల తిప్పారు. అప్పటిదాకా మైదానం వైపే చూడని ఆడవాళ్ళు గట్టు దగ్గరికి వచ్చారు. తన కొడుకు పేరు, వాడు బంతి లాక్కున్న తీరు మైకులో వినబడితే ఒకావిడ పక్కావిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. అది ఎంతోసేపు సాగలేదు. అతిథులు వచ్చారు, హిందీలో చెప్పమని మాలో ఒకరు సైగ చేశారు. మిగతావాళ్ళం ఊరుకున్నాం. అతను హిందీలోకి మారాడు, తరువాత మళ్ళీ పేర్ల జాబితాలోకి. చివర శాలువా కప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టి, రానుపోను ఆటో ఖర్చు కూడా అడగకుండా పంపించాం.

ఇందులో హిందీ తప్పేం లేదు. ఈ ఊరి బజారు భాష అది, మనల్ని అందరితో కలిపిన భాష. పది మంది పది రకాలవాళ్ళు ఉన్నచోట హిందీలో చెప్పడం మర్యాద. కాని ఆ రోజు గట్టు మీద ఉన్నది మనవాళ్ళే. ముగ్గురు నలుగురు అతిథుల కోసం వందల మంది తల్లిదండ్రుల నుంచి వాళ్ళ మాట లాగేశాం. ఇంట్లో మాట్లాడుకోవడానికి పనికొచ్చే భాష నలుగురిలో మైకులోకి వచ్చేసరికి నామోషీ అయిపోయింది. ఆ నామోషీ మనకు ఎవరూ అంటగట్టలేదు.

ఈ ఊరు ఆట వినడంలో ఎంత గొప్ప ఊరో తెలిసినవాళ్ళకు ఇది మరీ కష్టంగా ఉంటుంది. క్వార్టర్ల వరండాల్లో ఒకే సాయంత్రం మూడు భాషల కామెంటరీ వినబడిన రోజులు మనవి. కలకత్తా రేడియో కేంద్రం నుంచి అజయ్ బసు, కమల్ భట్టాచార్య, పుష్పేన్ సర్కార్ ఫుట్‌బాల్ చెబుతుంటే బెంగాలీ సరిగా రానివాళ్ళం కూడా మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అని రెండుగా చీలి కూర్చునేవాళ్ళం. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో మన హాకీ జట్టు పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచిన ఆటను దేశానికి చూపించింది జస్‌దేవ్ సింగ్ హిందీ గొంతు. ఆ జట్టులో సిమ్డేగా ప్రాంతపు మైకేల్ కిండో ఉన్నాడు. తన నేల మనిషి అక్కడెక్కడో ఆడుతున్నాడని ఇక్కడి ఆదివాసీ ఇంట్లో తెలిసింది రేడియో వల్లే. హిందీలో క్రికెట్ చెప్పడం కుదరదని ఇంగ్లీషు తెలిసినవాళ్ళు అనుకునే కాలంలో ఇందోర్ నుంచి వచ్చిన సుశీల్ దోషీ చెప్పి చూపించాడు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బెంగాలీలో ఫుట్‌బాల్‌కు, హిందీలో హాకీకి, క్రికెట్‌కు గొంతులు పుట్టింది విన్నవాళ్ళు వాటిని కావాలనుకున్నందువల్లే.

మన సంగతి చూడండి. ఈ దేశంలో రేడియో కామెంటరీ తొలినాళ్ళలోనే మనవైపు రాజవంశీయుడొకరు మైకు ముందు కూర్చున్నారు. విజయనగరం మహారాజ్ కుమార్, అందరూ విజ్జీ అని పిలిచే విజయానంద గజపతిరాజు. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకు కెప్టెన్, తరువాత కామెంటేటర్. 1959లో భారత జట్టు ఇంగ్లండ్‌లో పర్యటించినప్పుడు బి.బి.సి. ఆయన్ని అతిథిగా పిలిచింది. ఆయన మాట్లాడింది ఇంగ్లీషులో. ఆయన ఊరి చుట్టుపక్కల పల్లెల నుంచే మన తాతలు టాటానగర్ రైలెక్కారు. రాజుగారి ఇంగ్లీషు వాళ్ళకు అందలేదు, వాళ్ళ తెలుగు మైదానం దాకా రాలేదు. ఆ దూరాన్ని తగ్గించే పని తరువాతి తరాలది. అంటే మనది.

1983 డిసెంబరు 7న కీనన్‌లో వెస్టిండీస్ ఆడింది. అంతకు ఆరు నెలల ముందు లార్డ్స్‌లో మన చేతిలో ఓడి కప్పు పోగొట్టుకున్న జట్టు అది. ఆ రోజు గ్రీనిడ్జ్ 115, వివియన్ రిచర్డ్స్ 149 కొట్టారు, వాళ్ళ స్కోరు 333. స్టేడియం లోపల ఉన్నవాళ్ళు కూడా చెవికి ట్రాన్సిస్టర్ ఆనించుకున్నారు, ఎదురుగా కనిపిస్తున్నది కూడా ఎవరో చెబుతుంటే వినాలని. చెప్పేవాడి విలువ అప్పుడు మనకు తెలుసు. 2006 ఏప్రిల్ 12న ఇంగ్లండ్ మీద ధోనీ 96 కొట్టిన మ్యాచ్ తరువాత కీనన్‌లో అంతర్జాతీయ ఆట జరగలేదు. 2013లో రాంచీలో కొత్త స్టేడియం వచ్చాక పెద్ద ఆటలు అటే పోయాయి. మనం ఆ పోయినదాని గురించి ఏళ్ళ తరబడి బాధపడ్డాం. అదే కాలంలో మన వీధి చివర జరుగుతున్న ఆటల గురించి ఎవరం బాధపడలేదు. పెద్ద మ్యాచ్ పోతే దాని స్కోరుబోర్డు రికార్డుల్లో ఉంటుంది. మన బస్తీ ఫైనల్ పోతే ఆడినవాళ్ళ మోకాళ్ళ మీది మచ్చల్లో తప్ప ఎక్కడా ఉండదు. ఇంటింటికీ టేప్‌రికార్డర్ వచ్చిన రోజుల్లో పెళ్ళిళ్ళు రికార్డు చేసుకున్నాం, హరికథలు రికార్డు చేసుకున్నాం. మన మైదానం శబ్దం ఒక్క క్యాసెట్టులోకీ ఎక్కించలేదు. ఆ ఆటలు ఆడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు.

పక్కవాళ్ళను చూసైనా నేర్చుకోలేకపోయాం. జంషెడ్‌పూర్ దాటి ఏ పల్లె వైపు వెళ్ళినా కోతలయ్యాక ఖస్సీ టోర్నమెంట్లు జరుగుతాయి. గెలిచిన జట్టుకు మేకపోతు బహుమతి. సిమ్డేగా, ఖూంటీ వైపు ఆడపిల్లలు హాకీ ఆడి మేకను గెలుచుకుని భుజాన వేసుకుని వెళతారు. దేశం కోసం ఆడిన పిల్లలు ఆ మైదానాల నుంచే వచ్చారు. అక్కడ వెదురు కర్రలకు కట్టిన మైకులో ఆట నడుస్తున్నంతసేపూ ఒకరు చెబుతూనే ఉంటారు, సంతాలీలో, హోలో, ముండారీలో, నాగపురిలో. మధ్యలో హిందీ కలుస్తుంది, మళ్ళీ తమ మాటలోకి వెళ్ళిపోతారు. చెప్పేవాడికి నామోషీ లేదు, వినేవాడికీ లేదు. ఆ పల్లెల్లో మన బస్తీల్లో ఉన్నంత డబ్బు లేదు, మనకున్నన్ని సంఘాలు లేవు, మన సంఘాలకున్నన్ని భవనాలు లేవు. ఆట మాత్రం వాళ్ళ నోట వాళ్ళది.

చట్టం అడ్డం వచ్చిందని చెప్పుకుందామంటే అదీ కుదరదు. గాలిలో ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కేసు పుట్టిందే ఆట నుంచి. 1993లో హీరో కప్ క్రికెట్‌ను ఎవరు ప్రసారం చేయాలన్న తగాదాలో బెంగాల్ క్రికెట్ సంఘం కోర్టుకెక్కింది. తీర్పు రాసిన ధర్మాసనంలో జస్టిస్ పి.బి.సావంత్‌తో పాటు మన తెలుగువారైన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి ఉన్నారు. 2006లో కేంద్రం కమ్యూనిటీ రేడియో విధానాన్ని మార్చి, లాభం ఆశించని స్వచ్ఛంద సంస్థలు కూడా సొంత రేడియో పెట్టుకోవచ్చంది. కనీసం మూడేళ్ళు స్థానికంగా సేవ చేసిన సంస్థయి ఉండాలి. మన సంఘాల్లో మూడేళ్ళ వయసు లేనిది ఏది? 2011లో ప్రైవేటు ఎఫ్.ఎం. కోసం వచ్చిన మూడో దశ నిబంధనలు స్థానిక క్రీడల ప్రత్యక్ష వ్యాఖ్యానానికి వీలిచ్చాయి. మన ఊళ్ళో ఎఫ్.ఎం. స్టేషన్లు ఉన్నాయి. వాళ్ళ తలుపు తట్టి, మా టోర్నమెంటు ఫైనల్ ఒక గంట చెప్పనివ్వండి, ఖర్చు మేం భరిస్తాం అని అడిగామా? అడిగి కాదనిపించుకుంటే వాళ్ళను అనొచ్చు. అడగనే లేదు.

అడిగి సాధించుకున్నవాళ్ళు తెలుగుదేశంలోనే ఉన్నారు. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. నడిపింది దళిత మహిళలు. చిరుధాన్యాలు పండించుకునే, బడి ముఖం పెద్దగా ఎరగని ఆడవాళ్ళు మిక్సరు ముందు కూర్చుని తమ విత్తనాల గురించి, తమ పాటల గురించి తమ యాసలో చెప్పుకున్నారు. దాన్ని ప్రారంభించడానికి వచ్చింది ఆ 1995 తీర్పు ఇచ్చిన జస్టిస్ సావంత్. కోర్టు ప్రజలదని చెప్పిన గాలిని ఆ తల్లులు నిజంగానే తమది చేసుకున్నారు. చదువుకున్నవాళ్ళం, ఇంజనీర్లం, యూనియన్లు నడిపినవాళ్ళం, ఉక్కు కరిగించినవాళ్ళం, మనం ఒక దరఖాస్తు కూడా నింపలేదు.

చెప్పేవాడి విలువ తెలిసిన ఊళ్ళు బయటా ఉన్నాయి. అమెరికాలో బేస్‌బాల్‌కు పెద్ద లీగుల కింద చిన్న లీగులు ఉన్నాయి. చిన్న ఊళ్ళ జట్లు, రాత్రంతా బస్సు ప్రయాణాలు. ఆ జట్లకు రేడియోలో ఆట చెప్పేవాళ్ళ బతుకు మా బస్తీ కుర్రాడి బతుక్కు పెద్ద తేడా లేదు. జీతం తక్కువ, పగలు టికెట్లు అమ్మాలి, రాత్రి ఆట చెప్పాలి, సీజన్ అయిపోతే ఇంటికి వచ్చి వేరే పని వెతుక్కోవాలి. 2021లో పెద్ద లీగు పునర్వ్యవస్థీకరణ పేరుతో అనుబంధ జట్లను 120కి కుదించేసింది. చాలా ఊళ్ళు తమ జట్టును పోగొట్టుకున్నాయి. అక్కడంతా బంగారమని నేననడం లేదు. కాని ఆ ఊళ్ళకు తమ గొంతు ఎవరిదో తెలుసు. 1948లో అట్లాంటా క్రాకర్స్ అనే చిన్న లీగు జట్టుకు ఆట చెబుతున్న ఎర్నీ హార్వెల్‌ను పెద్ద లీగు జట్టయిన బ్రూక్లిన్ డాడ్జర్స్ కోరుకుంది. ఊరికే పంపించడానికి అట్లాంటా ఒప్పుకోలేదు. బదులుగా క్లిఫ్ డాపర్ అనే క్యాచర్‌ను తీసుకుంది. చెప్పేవాడి విలువ ఒక ఆటగాడి విలువతో సమానమని రెండు జట్లూ కాగితం మీద ఒప్పుకున్నాయన్నమాట. హార్వెల్ తరువాత డెట్రాయిట్‌లో 2002 దాకా ఆట చెప్పాడు. మనం మన హార్వెల్‌కు శాలువాతో సరిపెట్టాం.

ఇప్పుడు టీవీలో తెలుగు కామెంటరీ వస్తోంది కదా, ఇంకా ఈ ఏడుపెందుకని అడిగేవాళ్ళున్నారు. 2018లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ వచ్చింది, వేణుగోపాలరావు లాంటి ఆటగాళ్ళు తెలుగులో చెబుతుంటే మనమే మురిసిపోయాం. మంచిదే. క్రికెట్‌ను, కబడ్డీని తెలుగులో ఎంత బాగా చెప్పవచ్చో దానితో తేలిపోయింది. అయితే ఆ కెమెరాలు మన బస్తీ మైదానానికి రావు. సి షిఫ్ట్ చేసొచ్చి నిద్ర మానుకుని గోలు కాచే మన పిల్లాడి పేరు ఆ ఛానల్ పలకదు. పలకాలని ఆశించడం కూడా తప్పు. అది మన పని. ఐ.పి.ఎల్. తెలుగులో వినబడుతోందని తృప్తిపడి మన ఊరి ఆటను మూగగా వదిలేయడం, ఉన్న తప్పు మీద ఇంకో తప్పు.

ఇంకో మాట కూడా వింటున్నాను. పిల్లలకే తెలుగు సరిగా రావడం లేదు, కామెంటరీ ఎవరికి అర్థమవుతుంది అని. తెలుగు ఎలా వస్తుంది వాళ్ళకు? బళ్ళో అది తగ్గిపోయింది, ఇంట్లో సగం హిందీ. వాళ్ళు ఇష్టంగా చెవి ఒగ్గే చోటు మైదానం. అక్కడ తమ పేరు, తమ స్నేహితుడి పేరు, తాము కొట్టిన బంతి తెలుగులో వినబడితే ఆ భాష పాఠం కాకుండా సంబరం అవుతుంది. పద్యాల పోటీలు పెట్టి, బహుమతులిచ్చి, పిల్లలు రావడం లేదని ఉపన్యాసాల్లో వాపోయే మనం, పిల్లలు వందల్లో పోగయ్యే చోట తెలుగును మైకు దగ్గరికి రానివ్వలేదు. భాష పోతోందని ఏడ్చింది మనమే, దాన్ని గట్టు మీంచి దింపేసిందీ మనమే.

అతని మీద జాలి పుట్టించాలని ఇదంతా రాయలేదు. అతనికి జాలి అక్కర్లేదు, పని కావాలి. ప్రస్తుతం ఒక దుకాణంలో లెక్కలు చూస్తున్నాడు. ఇంకో రెండేళ్ళు ఇలాగే గడిస్తే ఆ గొంతు లెక్కలకే పరిమితమవుతుంది. అతని వెనక నేర్చుకోవాలని చూస్తున్న పదహారేళ్ళ పిల్లలు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు. పెద్దాయనకే దిక్కులేదు, మాకేం ఉంటుందని వాళ్ళూ మానుకుంటారు. ఒక తరంతో పోయేది ఒక మనిషి కాదు, ఒక పనితనం.

అందుచేత తెలుగు సంఘాల పెద్దలకు, టోర్నమెంటు కమిటీలకు, అందులో ఒకడిగా నాకూ చెప్పుకుంటున్నాను. వచ్చే సంక్రాంతి టోర్నమెంటుకు బడ్జెటు రాసేటప్పుడు షామియానా, భోజనాలు, కప్పుల సరసన కామెంటరీ అని ఒక పద్దు రాయాలి. ఎంత ఇస్తామో ముందే చెప్పి, ఫైనల్ రోజు సాయంత్రమే పూర్తిగా చేతిలో పెట్టాలి. చందాదారుల పేర్లు బోర్డు మీద రాసి గేటు దగ్గర నిలబెట్టాలి, ఆట నడుస్తుండగా మైకులో చదవకూడదు. ఆట తెలుగులో చెప్పించాలి. అతిథులకు తెలుగు రాకపోతే పక్కన కూర్చుని మనమే చెప్పాలి. మ్యాచ్ మొత్తం రికార్డు చేసి, తేదీ, జట్ల పేర్లు రాసి సంఘం గ్రంథాలయంలో భద్రపరచాలి. ఊళ్ళోని ఎఫ్.ఎం. స్టేషన్లకు ఉత్తరం రాయాలి. కమ్యూనిటీ రేడియోకు దరఖాస్తు పెట్టాలి. వీటిలో దేనికీ ప్రభుత్వం మారనక్కర్లేదు, కంపెనీ కరుణించనక్కర్లేదు. మన కమిటీ సమావేశంలో చెయ్యెత్తితే చాలు. ఈసారి కూడా ఎత్తకపోతే, మన పిల్లలు రేపు మన ముఖం మీదే అడుగుతారు, మా ఆటను ఎందుకు వినిపించుకోలేదని. అప్పుడు చెప్పుకోవడానికి మన దగ్గర సాకు ఉండదు.